తెర మీద ఖాళీ, ప్రింట్‌లో ఎర్రర్: చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో మాయమైన స్లాబ్ రికార్డులు (కేస్ స్టడీ)

ఈఆర్‌పీకి (కంపెనీ స్టాక్, అమ్మకాలు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) సపోర్ట్ చేసేవాళ్లకి “రికార్డ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్ ఆర్ హాజ్ బీన్ డిలీటెడ్” అన్న మెసేజ్ కొత్తేమీ కాదు. చాలాసార్లు దాని వెనక పెద్ద కథ కూడా ఉండదు. ఒకరు డ్రాఫ్ట్ బిల్లు తెరిచి టీకి వెళ్తారు, ఈలోపు పక్క సీటాయన ఆ డ్రాఫ్ట్ తీసేస్తాడు, మొదటాయన తిరిగొచ్చి సేవ్ నొక్కుతాడు. రిఫ్రెష్ కొడితే సరి. నేనిక్కడ రాస్తున్నది ఆ బాపతు కాదు. ఇందులో రికార్డులు నిజంగానే పోయాయి. వాటి నంబర్లు పట్టుకుని ఉన్న మిగతా రికార్డులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా డేటాబేస్‌ని అడిగితే అంతా సవ్యంగానే ఉందని చెప్పింది.

ఫ్యాక్టరీ సంగతి

క్లయింట్‌ది చీమకుర్తి దగ్గర గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్. యార్డు, డిస్పాచ్ అక్కడే. అకౌంట్స్ మాత్రం ఒంగోలు ఆఫీసులో. ఎక్కువగా చేసేది గెలాక్సీ రాయి, అంటే నల్లరాయిలో బంగారు రంగు చుక్కలు మెరిసేది. సాఫ్ట్‌వేర్ ఓడూ (Odoo) అనే ఈఆర్‌పీ, వెర్షన్ 16, కమ్యూనిటీ ఎడిషన్. దాని డేటా అంతా ఉండేది వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో. రెండూ ఒకే లినక్స్ సర్వర్ మీద ఉన్నాయి.

గ్రానైట్‌లో స్టాక్ ఎలా నడుస్తుందో కాస్త తెలిస్తేనే ఈ కేసు అర్థమవుతుంది. క్వారీ నుంచి బ్లాకు వస్తుంది, దానికో నంబరు. గ్యాంగ్ సా (రాయి కోసే పెద్ద రంపం మెషీన్) మీద కోస్తే స్లాబులు వస్తాయి, బ్లాకు నంబరు పక్కన గీత పెట్టి ఒక్కోదానికి వరస నంబరు. పాలిష్ అయ్యాక ఆ నంబరు స్లాబు అంచు మీద పెయింట్‌తో రాస్తారు. బయ్యర్ వచ్చి యార్డులో స్లాబు స్లాబూ చూసుకుంటాడు. చుక్క ఎంత ఉంది, చుక్కకీ చుక్కకీ ఎడం ఎంత, ఎక్కడైనా గీత కనబడుతోందా, అన్నీ చూసి నచ్చినవాటి నంబర్లు రాసుకుని వెళ్తాడు. వాటి బదులు ఇంకోటి పంపితే ఒప్పుకోడు. అందుకే ఓడూలో ఒక్కో స్లాబునీ ఒక్కో లాట్‌గా పెట్టారు, పరిమాణం చదరపు మీటర్లలో. ఆ లాట్ రికార్డుకే స్లాబు ఫొటో కూడా అటాచ్ చేస్తారు. లాట్ రికార్డు పోయిందంటే రాయి యార్డులో నిలబడి ఉన్నా సిస్టమ్ లెక్కలో దానికి పేరు లేదు.

ఫిర్యాదు

మే నెలలో డిస్పాచ్ గుమస్తా ఫోన్ చేశాడు. చెన్నై పోర్టుకి వెళ్లాల్సిన కంటైనర్ ఫ్యాక్టరీలో లోడింగ్‌కి వచ్చి నిలబడింది.

“అన్నా, ప్యాకింగ్ లిస్ట్ ప్రింట్ కొడితే రికార్డ్ డిలీటెడ్ అంటంది. నేనేం డిలీట్ చెయ్యలేదన్నా.”

“నిన్నెవరూ అనలేదులే. ఆర్డర్ తెరుచుకుంటోందా?”

“తెరుచుకుంటందన్నా. లోపల రెండు లైన్లలో స్లాబు నంబరు ఖాళీగా ఉంది. నంబర్లు ఎక్కించింది నేనే. ఇప్పుడు లేవు.”

అంతకుముందు ఇంకో ఆర్డర్‌లో ఇలాంటి ఖాళీ కనబడితే, ఎక్కించడం మర్చిపోయామేమో అనుకుని అతనే యార్డుకి ఫోన్ చేసి నంబర్లు కనుక్కుని, లాట్‌లు కొత్తగా సృష్టించి పెట్టాడట. అతని తప్పేం లేదు. ఖాళీ గడి చూస్తే ఎవరైనా నింపుతారు. కానీ ఆ పని తర్వాత మాకు ఇంకో మెలిక అయింది.

ముందు కంటైనర్ కదలాలి. యార్డు పుస్తకంలోంచి నంబర్లు, కొలతలు తీసి ఎక్సెల్‌లో ప్యాకింగ్ లిస్ట్ తయారు చేయించాను. ఖాళీగా కనబడిన గడులు ఎవరూ నింపవద్దని, ఎర్రర్ వచ్చిన ఆర్డర్లు అలాగే వదిలేయమని ఫ్యాక్టరీకీ ఒంగోలు ఆఫీసుకీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ఇలాంటి కేసుల్లో మొదటి గంటలో చేయాల్సిన పని అదొక్కటే. బాగు చేద్దామని జనం పెట్టే చేతులే అసలు ఆధారాల్ని చెరిపేస్తాయి.

మొదటి వడపోత

ఎర్రర్ విండోలో మోడల్ (అది ఏ రకం రికార్డో) పేరు, రికార్డు నంబరు, యూజర్ నంబరు ఉంటాయి. ఇక్కడ మోడల్ స్టాక్ లాట్, రికార్డు 4127, యూజర్ 8. ఈ మూడూ చేతిలో లేకుండా ముందుకు వెళ్లి లాభం లేదు. క్లయింట్లు స్క్రీన్‌షాట్ పంపేటప్పుడు సరిగ్గా ఆ లైన్నే కత్తిరించి పంపుతారు, అదేం చిత్రమో.

మామూలు కారణాలు వరసగా కొట్టేశాను. పాత ట్యాబ్ సమస్యయితే రిఫ్రెష్‌తో పోవాలి, పోలేదు. విజార్డ్ (ఏదో ఒక పని కోసం మధ్యలో తెరుచుకునే చిన్న ఫారం) సంగతా అంటే, ఓడూలో పాపప్ విజార్డుల రికార్డులు తాత్కాలికం, రోజువారీ శుభ్రం చేసే పని వాటిని తీసేస్తుంది. రాత్రి తెరిచి వదిలేసిన విజార్డ్‌లో పొద్దున బటన్ నొక్కితే ఇదే మెసేజ్ వస్తుంది. కానీ ఇక్కడ మోడల్ విజార్డ్ కాదు. యూజర్‌కి హక్కులు లేకపోతే వచ్చేది యాక్సెస్ ఎర్రర్, దాని మాటలే వేరు. అడ్మిన్‌గా ప్రింట్ కొట్టినా ఇదే వచ్చింది కాబట్టి అదీ కాదు.

ఇక నేరుగా టేబుల్‌లో చూడటమే. 4126 ఉంది. 4128 ఉంది. 4127 లేదు.

గడి ఎందుకు ఖాళీగా కనబడింది?

నాకు దారి చూపింది గుమస్తా చెప్పిన “ఖాళీ” అన్న మాటే. రికార్డు పోతే తెర మీద ఎర్రర్ రావాలి గానీ ఖాళీ ఎలా వస్తుంది?

ఓడూలో ఒక రికార్డు ఇంకో రికార్డుని చూపించే ఫీల్డ్‌ని తెరకి పంపేటప్పుడు ఆ రెండో రికార్డు పేరు చదువుతారు. చదవబోతే ఆ రికార్డు లేదనుకోండి, ఆ ఒక్కచోట ఓడూ కోడ్ ఎర్రర్‌ని మింగేసి ఖాళీ విలువ పంపిస్తుంది. ఫారిన్ కీ (ఒక టేబుల్‌లో రాసిన నంబరు గల రికార్డు రెండో టేబుల్‌లో ఉండి తీరాలని డేటాబేస్ పెట్టే కాపలా) లేకపోతే తప్ప ఇలా జరగకూడదని రాసినవాళ్లే కోడ్‌లో ఆ లైను పక్కన వ్యాఖ్య కూడా పెట్టారు. ప్రింట్ రిపోర్టుకి, వ్యాలిడేట్ బటన్‌కి ఆ వెసులుబాటు లేదు. అవి లాట్ పేరు నేరుగా అడుగుతాయి, లేదనగానే ఆగిపోతాయి. అందుకే ఆర్డర్ శుభ్రంగా తెరుచుకుంది, ప్రింట్ మాత్రం పడలేదు.

అంటే తెర మీద ఖాళీ గడి కనబడితే రెండు అర్థాలు ఉండొచ్చు. ఆ కాలమ్‌లో నిజంగానే ఏమీ లేకపోవడం ఒకటి. నంబరు ఉండి, ఆ నంబరు గల రికార్డు లేకపోవడం రెండోది. తెర మీద రెండింటికీ తేడా తెలియదు, టేబుల్‌లోకి వెళ్తేనే తెలుస్తుంది. ఇక్కడ డెలివరీ లైన్ టేబుల్‌లో లాట్ కాలమ్ చూస్తే 4127 చక్కగా రాసి ఉంది.

లెఫ్ట్ జాయిన్‌తో (రెండు టేబుళ్లని పోల్చి, జత లేని వరసల్ని బయటపెట్టే క్వెరీ) వెతికితే ఇలాంటివి ఒకటీ అరా కాదు, నూటికి పైగా బయటపడ్డాయి. డెలివరీ లైన్లలోనే కాదు, చేతిలో ఉన్న స్టాక్ చూపించే క్వాంట్ టేబుల్‌లో కూడా ఉన్నాయి.

లాగ్‌లో లేని లైను

ఓడూలో ఎవరైనా తెర మీదనుంచి రికార్డు డిలీట్ చేస్తే సర్వర్ లాగ్‌లో ఒక లైను పడుతుంది. ఫలానా నంబరు యూజర్ ఫలానా మోడల్‌లో ఫలానా నంబర్ల రికార్డులు తీసేశాడని. పాత లాగ్ ఫైళ్లు సర్వర్ మీద ఉన్నాయి, అన్నీ వెతికాం. స్టాక్ లాట్ మీద అలాంటి లైను ఒక్కటీ లేదు. కాబట్టి అప్లికేషన్ నుంచి జరిగింది కాదు. ఎవరో డేటాబేస్‌లోకి దిగి తీశారు. పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం ఏ స్టేట్‌మెంట్ నడిచిందో మామూలు సెట్టింగ్‌లో లాగ్ కాదు, మనం ఆన్ చేసుకోవాలి. ఇక్కడ ఎవరూ చేయలేదు.

సరే, డేటాబేస్‌లోకి దిగినా ఫారిన్ కీ ఊరుకుంటుందా? క్వాంట్ టేబుల్ నుంచి లాట్‌కి ఉన్న ఫారిన్ కీ రిస్ట్రిక్ట్ రకం. స్టాక్ ఉన్న లాట్‌ని తీయబోతే డేటాబేసే అడ్డం పడాలి. కీ ఉందా అని చూస్తే ఉంది. చెల్లుబాటు అయిందని గుర్తు కూడా ఉంది. ఇటు కీ ఉంది, అటు దాన్ని కాలదన్నిన డేటా ఉంది. ఇక్కడ నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. డిస్కు పాడై టేబుల్ చెడిందేమోనన్న అనుమానం కూడా ఒక పూట వెంటాడింది.

రీస్టోర్ చేస్తే తెలిసింది

లైవ్ (ఫ్యాక్టరీ రోజూ వాడే డేటాబేస్) మీద ప్రయోగాలు చేయలేం కాబట్టి ముందురోజు రాత్రి బ్యాకప్ తీసుకుని నా మెషీన్‌లో వేరే డేటాబేస్‌గా రీస్టోర్ చేశాను. డేటా అంతా ఎక్కింది. చివర్లో రెండు ఎర్రర్లు వచ్చాయి. డెలివరీ లైన్ టేబుల్ లాట్ ఫారిన్ కీ ఒకటి, క్వాంట్ టేబుల్ లాట్ ఫారిన్ కీ రెండోది. ఫలానా నంబరు లాట్ టేబుల్‌లో లేదు, అందుకని కీ పెట్టలేనంటోంది పోస్ట్‌గ్రెస్.

ఎందుకంటే రీస్టోర్‌లో ముందు డేటా మొత్తం పోస్తారు, ఫారిన్ కీలు ఆఖర్న కడతారు. కట్టేటప్పుడు పాత వరసలతో సహా ప్రతి వరసనీ సరిచూస్తారు. లైవ్‌లో దాక్కున్న తప్పు రీస్టోర్‌లో దాక్కోలేదు. ఒక్కో కీకి మొదట దొరికిన తప్పు నంబరు మాత్రమే చెప్తుంది, మొత్తం జాబితాకి మళ్లీ లెఫ్ట్ జాయిన్ రాసుకోవాల్సిందే. అయినా ఏ టేబుళ్ల మధ్య తెగిందో వేలు పెట్టి చూపిస్తుంది. వందల టేబుళ్లున్న ఈఆర్‌పీలో ఇదెంత సాయమో చేసినవాళ్లకి తెలుసు. ఇలాంటి కేసు మీకు తగిలితే ఇంకేం చేసే ముందైనా ఒకసారి రీస్టోర్ చేసి చూడండి.

ఆ రెండు ఎర్రర్లే జరిగిందేంటో కూడా చెప్పాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ కీ కాపలా లోపల ట్రిగ్గర్ల (వరస మారినప్పుడు వాటంతటవే నడిచే చిన్న కోడ్ ముక్కలు) ద్వారా నడుస్తుంది. సూపర్‌యూజర్‌గా (డేటాబేస్‌లో అన్ని హక్కులూ ఉన్న యూజర్) లాగిన్ అయి ఒక సెషన్‌కి ట్రిగ్గర్లు పనిచేయకుండా చేయవచ్చు. రెప్లికేషన్ (డేటాని ఇంకో సర్వర్‌కి నకలు చేయడం) పనులకోసం ఉన్న సెట్టింగ్ అది. అలా చేసి డిలీట్ కొడితే ఏ అడ్డూ ఉండదు, ఏ ఎర్రరూ రాదు. సెట్టింగ్ మళ్లీ మామూలుగా పెట్టాక పోస్ట్‌గ్రెస్ వెనక్కి వెళ్లి ఈ మధ్యలో ఏం జరిగిందని చూడదు. కీ మీద చెల్లుబాటు గుర్తు అలాగే ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌ని కాసేపు టీకి పంపించి లారీ దాటించేసినట్టు అన్నమాట. ఆయన తిరిగొచ్చాక రిజిస్టర్‌లో అంతా బాగానే ఉంటుంది.

పాత బ్యాకప్‌లూ ఇలాగే పరీక్షించాం. సర్వర్ మీద చివరి ఏడు రాత్రులవి మాత్రమే ఉంచుతున్నారు, అన్నింటిలోనూ అవే ఎర్రర్లు. ఒంగోలు ఆఫీసులో అకౌంటెంట్ గారు మాత్రం సంవత్సరాంతం కదా అని మార్చి 31 కాపీ ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్కులో దాచిపెట్టారు. ఎవరూ చెప్పకుండా ఆయన అలవాటు కొద్దీ చేసిన పని. అది ఒక్క ఎర్రరూ లేకుండా రీస్టోర్ అయింది. అంటే నష్టం జరిగింది ఆ కాపీ తీసిన తర్వాత.

ఎవరు, ఎందుకు

అంతకుముందు సపోర్ట్ చూసిన కుర్రాడు ఏప్రిల్‌లో పని మానేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. ఫోన్ చేస్తే దాచకుండా చెప్పాడు.

“సార్, కొత్త ఇయర్ మొదలవుతోంది కదా, టెస్ట్ ఎంట్రీలు తీసెయ్యమన్నారు. స్క్రీన్ మీద డిలీట్ అవ్వలా. డేటాబేస్‌లో కొడితే ఫారిన్ కీ ఎర్రర్. నెట్‌లో చూసి ట్రిగ్గర్లు ఆపి కొట్టా. ఎర్రర్ రాలేదు సార్, అయిపోయిందనుకున్నా.”

“కండిషన్ ఏం పెట్టావు బాబూ?”

“పేరు ‘టి’తో మొదలయ్యేవి అని పెట్టా సార్. అన్నీ టెస్ట్ అనే ఉంటాయి కదా.”

టెస్ట్ లాట్‌లు ‘టి’తోనే మొదలవుతాయి, నిజమే. లీజు క్వారీల్లో ఒకదాని నుంచి వచ్చే బ్లాకులకి ఇచ్చిన కోడ్ కూడా ‘టి’ అక్షరంతోనే మొదలవుతుంది. ఆ సంగతి యార్డులో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆఫీసులో కూర్చున్న ఇతనికి తెలియదు. ఆ కోడ్ ఉన్న స్లాబులన్నీ టెస్ట్ లాట్‌లతో కలిసి కొట్టుకుపోయాయి. అమ్ముడుపోయిన వాటి జోలికి ఎవరూ వెళ్లరు కాబట్టి వెంటనే తెలియలేదు. ఆ క్వారీ రాయికి ఆర్డర్ వచ్చి ప్యాకింగ్ లిస్ట్ అవసరమైన రోజున బయటపడింది.

ఇక్కడొక మాట. ట్రిగ్గర్లు ఆపకుండా క్వాంట్‌లని ముందు తీసేసి తర్వాత లాట్‌లని తీసి ఉంటే ఇంకా ఘోరం జరిగేది. డెలివరీ లైన్ నుంచి లాట్‌కి ఉన్న కీ సెట్ నల్ రకం. లాట్ పోగానే డెలివరీ లైన్లలో ఆ నంబరు నిజంగానే చెరిగిపోయేది. ప్రింట్ ఏ ఎర్రరూ లేకుండా పడేది, స్లాబు నంబరు గడి మాత్రం ఖాళీగా. పాత ఎగుమతుల్లో ఏ స్లాబు ఎవరికి వెళ్లిందో చెప్పే దారే ఉండేది కాదు. ఎర్రర్ వచ్చిందని ఓనరు గారు బాధపడుతుంటే, వచ్చింది కాబట్టే బతికామని చెప్పాల్సి వచ్చింది. ఆయనకి ఆ మాట అంతగా రుచించలేదు.

తిరిగి పెట్టడం

డిలీట్ అయిన లాట్‌లకి కొత్త రికార్డులు సృష్టించి లైన్లన్నీ వాటికి మళ్లించడం ఒక పద్ధతి. నేను దానికి ఒప్పుకోలేదు. డెలివరీ లైన్లు, క్వాంట్‌లు, ఫొటోలు, చాటర్‌లో (రికార్డుతోపాటు కనబడే నోట్ల భాగం) మెసేజ్‌లు, అన్నీ పాత రికార్డు నంబర్లనే పట్టుకుని ఉన్నాయి. పాత నంబరుతోనే లాట్ వరసని తిరిగి పెడితే అన్నీ వాటంతటవే అతుక్కుంటాయి. కొత్త రికార్డులకి నంబర్లిచ్చే లాట్ టేబుల్ సీక్వెన్స్ అప్పటికే చాలా ముందుకి పోయింది, కాబట్టి పాత నంబర్లతో ఢీకొట్టే సమస్య లేదు.

మార్చి 31 కాపీలోంచి, లైవ్‌లో లేని లాట్‌లని వాటి నంబర్లతో సహా సీఎస్‌వీ ఫైలుగా తీశాం. ముందు లైవ్ కాపీ మీద పూర్తిగా ఒకసారి చేసి చూశాం. ఆ తర్వాత ఆదివారం ఫ్యాక్టరీలో డిస్పాచ్ లేనప్పుడు ఓడూ సర్వీస్ ఆపి, తాజా బ్యాకప్ తీసి, ఒకే ట్రాన్సాక్షన్‌లో (మధ్యలో ఏది తప్పినా మొత్తం రద్దయ్యేలా) ఇన్సర్ట్ చేశాం. ఈసారి ట్రిగ్గర్లు ఆపలేదు. ప్రోడక్ట్, కంపెనీ కీలు సరిగ్గా ఉన్నాయో లేదో పోస్ట్‌గ్రెస్సే చూసుకుంటుంది. నిజమైన స్లాబులతోపాటు టెస్ట్ లాట్‌లనీ తిరిగి పెట్టాం. వాటి మీద కూడా క్వాంట్‌లు, లైన్లు వేలాడుతున్నాయి కదా. ఓడూ 16లో లాట్‌కి ఆర్కైవ్ సౌకర్యం లేదు. అందుకని ఇన్వెంటరీ అడ్జస్ట్‌మెంట్‌తో వాటి స్టాక్ సున్నా చేసి, పేరు ముందు ‘వాడొద్దు’ అని చేర్చాం. చూడటానికి ముచ్చటగా ఉండదు. ఉండనివ్వండి.

మిగిలింది ఏప్రిల్‌లో పుట్టి ఏప్రిల్‌లోనే పోయిన స్లాబులు. ఇవి మార్చి కాపీలో లేవు. వీటికి మూడు ఆధారాలు పక్కపక్కన పెట్టుకున్నాం.

మొదటిది ఫొటోలు. ఓడూలో అటాచ్‌మెంట్ టేబుల్ తన యజమానిని మోడల్ పేరు, రికార్డు నంబరు రూపంలో ఉత్తినే రాసుకుంటుంది, దానికి ఫారిన్ కీ ఉండదు. మామూలుగా తెర మీదనుంచి డిలీట్ చేస్తే అప్లికేషనే వాటినీ తీసేస్తుంది. డేటాబేస్‌లో నేరుగా కొట్టాడు కాబట్టి ఫొటోలు బతికిపోయాయి. ఒక్కో ఫొటో తెరిచి స్లాబు అంచు మీద పెయింట్ నంబరు చదువుకోవడమే. చాలావాటికి చదవగలిగాం. కొన్నింటికి పాలిష్ నీళ్లు కారి అంకె సగం చెరిగింది, 3 ఏదో 8 ఏదో తెలియదు.

రెండోది క్వాంట్. లాట్ పేరు పోయినా స్లాబు విస్తీర్ణం క్వాంట్ వరసలో అలాగే ఉంది. ఒకచోట 5.13 చదరపు మీటర్లని ఉంది. యార్డు సూపర్‌వైజర్ టేపు పట్టుకుని వెళ్లి అనుమానం ఉన్న రెండు స్లాబులు కొలిచారు. ఒకటి 285 బై 180 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా 5.13. ఇంకోటి అంచు విరిగి చిన్నదయింది. అంకె 8 అని తేలింది. ఒకే బ్లాకులో స్లాబులన్నీ దాదాపు ఒకే సైజులో వస్తాయి కాబట్టి కొలత ఒక్కదాన్నే నమ్మలేం. ఫొటో, కొలత, మూడోదైన యార్డు పుస్తకం, ఈ మూడింట్లో రెండు కలిస్తేనే పేరు ఎక్కించాం. యార్డు పుస్తకం మానేయమని సాఫ్ట్‌వేర్ పెట్టిన కొత్తలో సూపర్‌వైజర్‌కి ఎవరో చెప్పారట. ఆయన మానలేదు.

ఇక గుమస్తా కొత్తగా సృష్టించిన లాట్‌ల మెలిక. ఒకే పేరుతో రెండు లాట్‌లు ఉండకూడదన్న నియమం ఓడూ 16లో పైథాన్ కోడ్‌లో ఉంది, డేటాబేస్‌లో యునిక్ కీగా లేదు. మనం నేరుగా ఇన్సర్ట్ చేస్తే రెండు ఒకే పేరు లాట్‌లు నిశ్శబ్దంగా చేరిపోతాయి. అందుకని ఇన్సర్ట్‌కి ముందే పేర్లు పోల్చి, కలిసినవాటిని పక్కన పెట్టాం. వాటికి పాత నంబరే అసలుదిగా ఉంచి, గుమస్తా చేసిన కొత్త లాట్ మీద పడిన లైన్లని పాతదానికి మళ్లించి, ఖాళీ అయిన కొత్త లాట్‌ని ఓడూ తెర మీదనుంచే డిలీట్ చేశాం. ఈసారి లాగ్‌లో లైను పడింది.

సరిచూసుకోవడం

డేటా సరైందని లెఫ్ట్ జాయిన్ చెప్పింది. అంతటితో ఆగకూడదు. చెల్లుబాటు గుర్తు ఉన్న ఫారిన్ కీని మళ్లీ వ్యాలిడేట్ చేయమంటే పోస్ట్‌గ్రెస్ ఏమీ చేయదు, ఇంతకుముందే అయింది కదా అనుకుంటుంది. అందుకని ఆ రెండు కీలనీ డ్రాప్ చేసి, తిరిగి నాట్ వ్యాలిడ్‌గా (పాత వరసల్ని ఇంకా సరిచూడలేదన్న గుర్తుతో) పెట్టి, అప్పుడు వ్యాలిడేట్ చేయించాం. పాత వరసలన్నీ చదివి ఒప్పుకుంది. ఆ రాత్రి బ్యాకప్‌ని మళ్లీ రీస్టోర్ చేస్తే ఎర్రర్లు లేవు.

కంపెనీ ప్రైవేట్ లిమిటెడ్. కంపెనీల అకౌంట్స్ నిబంధనల ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. ఆడిటర్ తన రిపోర్టులో దాని గురించి రాయాలి. ఈ మధ్య వాళ్లు డేటాబేస్‌లో నేరుగా చేసిన మార్పుల గురించి కూడా అడుగుతున్నారు. తిరిగి పెట్టిన ప్రతి లాట్ చాటర్‌లో ఎప్పుడు, ఏ ఆధారంతో పెట్టామో ఒక నోట్ వేశాం. మొత్తం జాబితా అకౌంటెంట్ గారికి సంతకంతో ఇచ్చాం. దాచిపెట్టాలని చూస్తే ఇదే వ్యవహారం ఆడిట్‌లో ఇంకోలా కనబడేది.

పోస్ట్‌గ్రెస్ సూపర్‌యూజర్ పాస్‌వర్డ్ మార్చాం. అది ఇప్పుడు ఓనరు గారి దగ్గర సీల్ కవర్‌లో ఉంది. ఓడూ నడిచే యూజర్‌కి సూపర్‌యూజర్ హక్కు తీసేశాం, అసలు ఓడూకి అది అక్కర్లేదు. ఆ హక్కు లేకుండా ఫారిన్ కీ ట్రిగ్గర్లు ఆపడం కుదరదు. వారానికోసారి బ్యాకప్‌ని పక్క మెషీన్‌లో రీస్టోర్ చేసి ఎర్రర్లు నాకు మెయిల్ వచ్చేలా పెట్టాను. నెలాఖరు కాపీలు ఏడాదిపాటు ఉంచుతున్నారు.

ఒక్క యూజర్‌కే వచ్చిన ఎర్రర్

అంతా అయ్యాక గేటు దగ్గర ఇన్‌వర్డ్ (లోపలికి వచ్చే సరుకు) చూసే అతనికి కొత్త రసీదు తెరవగానే మళ్లీ అదే మెసేజ్ వచ్చింది. ఈసారి మోడల్ స్టాక్ లొకేషన్. మిగతా ఎవరికీ రావడం లేదు, అడ్మిన్‌కి కూడా రావడం లేదు. రీస్టోర్‌లో ఎర్రర్ లేదు. లెఫ్ట్ జాయిన్‌లోనూ ఏమీ దొరకలేదు.

ఒకే యూజర్‌కి, అదీ కొత్త ఫారం తెరిచినప్పుడే వస్తోందంటే ముందు చూడాల్సింది డీఫాల్ట్ విలువలు, అంటే ఫారం తెరవగానే వాటంతటవే నిండేవి. ఓడూలో యూజర్ తనకి తాను పెట్టుకున్న డీఫాల్ట్ ఐఆర్ డీఫాల్ట్ అనే టేబుల్‌లో ఉంటుంది. విలువని జేసన్ టెక్స్ట్‌గా రాసుకుంటారు. అంటే అక్కడున్నది వట్టి అంకె, దానికి ఫారిన్ కీ ఉండదు. మామూలుగా డిలీట్ చేస్తే ఓడూయే ఈ టేబుల్‌ని కూడా శుభ్రం చేస్తుంది. ఆ కుర్రాడు అదే సెషన్‌లో ‘టెస్ట్ యార్డు’ అనే లొకేషన్‌ని కూడా కొట్టేశాడు. శిక్షణ రోజుల్లో గేటు అతను ఎప్పుడో దాన్ని తన డీఫాల్ట్‌గా పెట్టుకుని ఉన్నాడు, ఆ సంగతి అతనికే గుర్తు లేదు.

టెక్నికల్ మెనూలో యూజర్ డీఫాల్ట్‌ల జాబితా తెరిచి ఆ ఒక్క వరస తీసేస్తే ఫారం తెరుచుకుంది. వారపు రీస్టోర్ ఇలాంటివి పట్టుకోలేదు కాబట్టి దానికి తోడుగా ఇంకో స్క్రిప్ట్ రాశాను. డీఫాల్ట్‌లు, అటాచ్‌మెంట్‌లు, చాటర్ మెసేజ్‌లు, యాక్టివిటీలు, ఎక్స్‌టర్నల్ ఐడీలు (రికార్డుకి నంబరు కాకుండా ఉండే ఇంకో గుర్తింపు పేరు), ఇలా ఫారిన్ కీ లేకుండా నంబరు మాత్రమే రాసుకునే టేబుళ్లన్నీ రాత్రి చదివి, యజమాని లేని వరసలుంటే జాబితా పంపుతుంది. మొదటి రాత్రి వచ్చిన జాబితాలో ఆ పాత టెస్ట్ లొకేషన్ తాలూకు ఎక్స్‌టర్నల్ ఐడీ ఒకటి కనబడింది. దాన్నీ తీసేశాం.